సల్ఫైట్ల మీద సగం నింద

వైన్ తాగి తలనొప్పి వస్తే నేరం సల్ఫైట్ల నెత్తిన పడుతుంది. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్టే వాటిని కొంత పుట్టిస్తుంది, పాడవకుండా తయారీదారు మరికొంత కలుపుతాడు. తలనొప్పికి అవే కారణమనడానికి రుజువు బలంగా లేదు. ముందు అనుమానించాల్సింది ఆల్కహాల్‌నే. సురక్షితమైన మోతాదంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది కూడా. బంగారు రంగు కిస్మిస్‌లో, ఎండు ఆప్రికాట్‌లో సల్ఫైట్లు వైన్‌లో కంటే చాలా ఎక్కువ. బిర్యానీలో కిస్మిస్ తగిలిందని తల పట్టుకున్నవాళ్లను చూశామా?

ఉబ్బసం ఉన్నవారి సంగతి వేరు. వారిలో కొద్దిమందికి సల్ఫైట్లు నిజంగానే ప్రమాదం. వాటినుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ శ్వాసనాళాలను బిగించేస్తుంది. బొగ్గు మండే బాయిలర్ల పొగలో వచ్చేదీ ఆ వాయువే. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌నే తీసుకోండి. అక్కడ వైద్య పరికరాల పార్కు ఉంది. చుట్టుపక్కల బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలున్నాయి. ఇక్కడ ఉబ్బసంతో షిఫ్టుకు వెళ్లే కార్మికుడు సీసా మానుకోగలడు, గాలి మానుకోలేడు. ఘనపు మీటరు గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ 24 గంటల సగటు 80 మైక్రోగ్రాములు మించరాదన్నది జాతీయ ప్రమాణం. ఏ రోజు లెక్క ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగులో, హిందీలో రాసిపెట్టాలి.

ఇక తిండి విషయానికొస్తే, కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన సల్ఫైట్లుంటే ప్యాకెట్‌పై చెప్పాలని నిబంధన ఉంది. కిరాణా కొట్టులో విడిగా తూచి ఇచ్చే కిస్మిస్‌కు ఆ చీటీ ఎవరు అంటిస్తారో ఆహార భద్రతాధికారులే చెప్పాలి.