నెమ్మదిగా కదిలేవాడు సోమరి కాదు

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న ఉగాదికి మన హాల్లో మా తమ్ముడు పచ్చడి గ్లాసులు అందిస్తున్నాడు. ఒకటి ఇచ్చి రెండోది తీయడానికి వాడికి సమయం పడుతుంది. వరుసలోంచి ఎవరో “ఏమయ్యా, ఇంకా నిద్ర లేవలేదా?” అన్నారు. నలుగురూ నవ్వారు. వాడు ట్రే పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు. అన్నవారి మీద కోపం లేదు. ఒకప్పుడు నేనూ వాణ్ణి అలాగే అనేదాన్ని.

వాడికి స్కిజోఫ్రీనియా. ఈ జబ్బంటే లేని గొంతులు వినపడటం, అనుమానాలు అనే మనకు తెలుసు. నడక, చేతుల కదలిక, ముఖంలో భావం కూడా మందగించవచ్చు. “అంతా మందుల వల్లే” అంటారు. కొంత నిజమే. కొన్ని మందులతో వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. డాక్టరుకు చెబితే మోతాదో, మందో మారుస్తారు. మనంతట మనం ఆపకూడదు. కానీ ఈ జబ్బుకు మొదటి మందు వాడకంలోకి వచ్చింది 1952లో. ఒళ్లు బిగుసుకుని కదలకుండా ఉండిపోయే కాటటోనియా గురించి జర్మనీ డాక్టర్ కాల్‌బామ్ 1874లోనే పుస్తకం రాశారు. అంటే నెపమంతా మందులది కాదు.

మెదడులో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే నరాల తీగల కట్టలను తెల్ల పదార్థం అంటారు. వాటిపై మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, సంకేతాలు వేగంగా వెళ్లేది దానివల్లే. ఎమ్మారై పరిశోధనల్లో ఈ జబ్బున్న వారి తీగల్లో సగటున చిన్న చిన్న తేడాలు కనిపించాయి. కొన్ని పరిశోధనలు వాటిని కదలికల మందగమనంతో ముడిపెట్టాయి. అలాగని స్కాన్ సెంటర్లకు పరుగెత్తకండి, ఒక మనిషి స్కాన్ చూసి ఈ జబ్బని తేల్చలేరు.

హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ 1974 నుంచి ఉంది. అనంతపురం, చిత్తూరు నుంచి బస్సెక్కి అక్కడికి వస్తారు. పక్కనే ఉన్న మనం మాత్రం ఇంట్లో ఈ జబ్బుందని చెప్పుకోలేం.

ఎవరైనా ఉన్నట్టుండి మాట, తిండి మానేసి బిగుసుకుపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, దానికి మంచి చికిత్స ఉంది. సలహాకు టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

కమిటీవారికి ఒకటే విన్నపం. వచ్చే పండక్కి కూడా మా తమ్ముడికి ఆ ట్రే ఇవ్వండి. వరుస ఓ ఐదు నిమిషాలు ఆలస్యమైతే పచ్చడేమీ పాడైపోదు.