నూట తొమ్మిదా, నూరు కోట్లా?

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగానో లేదో బాబాయ్ ఫోన్. "ఒరేయ్, మందుల షాపు దగ్గరున్నా, ఇటు రా. ఇంగ్లీషులో ఏదో రాసుంది, చదివి పెట్టు."

వెళ్తే చేతిలో కిలో ప్యాకెట్. రొయ్యల చెరువుకు వేసే ప్రోబయోటిక్. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో: "బాసిల్లస్ సబ్టిలిస్, గ్రాముకు 1 x 109 సీఎఫ్‌యూ."

"నూట తొమ్మిదేనా?" అన్నాడు బాబాయ్.

నవ్వొచ్చింది. పైన చిన్నగా ఉండాల్సిన 9 ప్రింటింగులో కిందికి జారింది. అసలది పది పవర్ తొమ్మిది. అంటే గ్రాముకు నూరు కోట్ల బతికున్న బ్యాక్టీరియా. అదే చెప్పాను.

"నూరు కోట్లా! ఎవడు లెక్కపెట్టాడ్రా?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో మేము డాక్యుమెంట్‌ని నమ్మం, టెస్ట్ రన్ చేసి చూస్తాం. మరి ఈ ప్యాకెట్‌ని ఎవరు టెస్ట్ చేశారు?

లెక్కపెట్టే పద్ధతి ఉంది. పొడిని నీళ్లలో కలిపి, పదింతలు, మళ్లీ పదింతలు పలుచన చేసుకుంటూ పోతారు. ఆ చుక్కను అగార్ ప్లేటు మీద పరిచి ఒకట్రెండు రోజులు వెచ్చగా ఉంచుతారు. బతికున్నది పెరిగి చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్కల్ని లెక్కపెట్టి వెనక్కి గుణిస్తారు. సీఎఫ్‌యూ అంటే అదే. చచ్చినవి ఈ లెక్కలోకి రావు.

ఇక్కడే మెలిక. ఆ నూరు కోట్లు తయారైన రోజు లెక్కా, ఎక్స్‌పైరీ రోజు లెక్కా? బాసిల్లస్ రకాలు స్పోర్‌లుగా మారి ఎండను కొంత తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్ అలా కాదు. మే నెలలో మన రేకుల షెడ్డులో నెల రోజులుంటే ఎన్ని మిగులుతాయో లేబుల్ చెప్పదు.

ఎకరా చెరువులో మీటరు లోతు నీళ్లుంటే దాదాపు 40 లక్షల లీటర్లు. ప్యాకెట్‌లో చెప్పినన్నీ ఉంటే కిలో వేసినప్పుడు చెంచా నీళ్లకు 1250 పడతాయి. మూడు సున్నాలు ఎగిరిపోతే చెంచాకు ఒకటి! వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. డబ్బులు మాత్రం పూర్తిగా పోతాయి.

బాబాయ్‌కి తన టెస్ట్ తనకుంది. రాత్రి డ్రమ్ములో బెల్లం, తవుడు, పొడి కలిపి నానబెడతాడు. తెల్లారికి నురగొచ్చి పులిసిన వాసనొస్తే మందు మంచిది. పోయిన పంటలో ఒక కంపెనీ ప్యాకెట్‌కి నురగా లేదు, వాసనా లేదు. షాపులో అడిగితే "నీళ్లు తేడా అయ్యుంటాయి" అన్నారట.

కానీ నురగ కూడా సగం సాక్ష్యమే. తవుడులో ఉండే ఈస్టులు కూడా పొంగిస్తాయి. ఏదో బతికుందని తెలుస్తుంది, అది లేబుల్ మీదున్నదో కాదో తెలీదు. అమ్మ వేసిన తోడుకైతే పాలు తోడుకోవడమే రుజువు. ప్యాకెట్‌కి అంత తేలికైన రుజువు లేదు.

ఇది చెరువుల గొడవే అనుకోకండి. యాంటీబయోటిక్ కోర్సుతో పాటు మనం మింగే క్యాప్సూల్స్‌దీ ఇదే కథ. 2016లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో బైఫిడోబ్యాక్టీరియా ఉన్నాయన్న 16 ఉత్పత్తుల్ని డీఎన్‌ఏతో పరీక్షిస్తే, లేబుల్‌తో పూర్తిగా సరిపోయింది ఒక్కటే. మన దగ్గర ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ 2011లోనే ఆహారంలో వాడే ప్రోబయోటిక్స్‌కి మార్గదర్శకాలిచ్చాయి. ప్రజాతి, జాతి, స్ట్రెయిన్ పేర్లు రాయాలి, గడువు చివర్లో ఎన్ని బతికుంటాయో చెప్పాలి, ఎక్కడ దాచాలో చెప్పాలి. మీ ఇంట్లో ఉన్న సీసా తిప్పి చూడండి, ఎన్ని కనిపిస్తాయో.

చెరువు మందులకు తీరప్రాంతంలో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉంది. నిషేధిత యాంటీబయోటిక్స్ లేవన్నదే దాని ప్రధాన హామీ. నూరు కోట్లు ఉన్నాయన్న హామీ మాత్రం కాదు.

"మరి షాపులో గట్టిగా అడగొచ్చుగా బాబాయ్?" అన్నాను.

"అప్పు మీద తెచ్చుకునేవాడు ఎలా అడుగుతాడ్రా? పట్టుబడి అయ్యాకే డబ్బులు కడతాం. ఇప్పుడు తగువు పెట్టుకుంటే రేపు మేత ఎవరిస్తాడు?"

అసలు సంగతి ఇది. లేబుల్ చదవడం రాక కాదు, అడిగే స్థితిలో లేక. అందుకే అడిగే పని మనం చెయ్యాలి. చేతిలో ఫోనుంది, భయపడాల్సిన అప్పు లేదు.

స్ట్రెయిన్ పేరు, ఎక్స్‌పైరీ నాటి లెక్క, బ్యాచ్ నంబరు లేని ప్యాకెట్ కొననివ్వకండి. కంపెనీకి మెయిల్ పెట్టి ఆ బ్యాచ్ టెస్ట్ రిపోర్ట్ అడగండి. అన్నిటికంటే ముందు, బిల్లు తీసుకోండి. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు విత్తనాలు కొన్న మన ఆంధ్ర రైతుల్ని కూడా వినియోగదారులుగానే చూసింది. అది విత్తనాల తీర్పే, కానీ ఏ ఫిర్యాదుకైనా మొదట కావాల్సింది కాగితం. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఆ రోజు నేను బిల్లు అడిగితే షాపాయన చిట్టీ మీద రాసివ్వబోయాడు. "బ్యాచ్ నంబరు కూడా రాయండి" అన్నాను. ఒక్క క్షణం నన్ను, ఇంకో క్షణం బాబాయ్‌ని చూసి, లోపల్నుంచి అసలు బిల్లు బుక్ తెచ్చాడు.

బయటికొచ్చాక బాబాయ్ ఆ బిల్లుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నూట తొమ్మిదో, నూరు కోట్లో… ఇన్నేళ్లలో ఇదే మొదటి బిల్లు రా" అన్నాడు.