తాత చంపిన పులికి సర్టిఫికెట్టు, మన్యం కుందేలుకి కేసు

చచ్చిన పులిని బతికున్నట్టు నిలబెట్టే విద్యని టాక్సిడెర్మీ అంటారు. చాలామంది లోపల గడ్డి కూరతారనుకుంటారు. అదేం కాదు. తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, పదును చేసి, అచ్చులో పోసిన కాగితం గుజ్జు బొమ్మకి తొడిగి గాజు కళ్ళు పెడతారు. బయటికి పులి, లోపల చిత్తు కాగితాలు!

మన దేశంలో ఈ పనికి పెట్టింది పేరు మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబం. 1900 ప్రాంతంలో తండ్రి మొదలుపెట్టాడు, తర్వాత కొడుకులు నడిపారు, 1999లో మూతపడింది. ఆ కొడుకుల్లో ఒకరైన జూబెర్ట్ 2013లో 101 ఏళ్ళ వయసులో పోయారు. ఆ ఒక్క కుటుంబం చేతుల మీదుగా వెళ్ళిన పులులూ చిరుతలూ సుమారు 43 వేలని అంచనా. 2022 లెక్కల్లో దేశం మొత్తమ్మీద తేలిన పులులు 3,682. అంకెలు మీ ముందున్నాయి, ఆలోచించుకోండి.

ఇంతకీ వాళ్ళ కస్టమర్లెవరు? రాజులు, జమీందార్లు, తెల్లదొరలు. మన విజయనగరం మహరాజ్ కుమార్ విజ్జీనే తీసుకోండి. 1936లో ఇంగ్లండు వెళ్ళిన క్రికెట్ జట్టు కెప్టెన్. మూడొందలకి పైగా పులుల్ని కొట్టాడని చెబుతారు. దాన్ని అప్పట్లో ఎవరూ నేరం అనలేదు, షికారు అన్నారు.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటారా? ఏటా చైత్రం రాగానే అరకు, పాడేరు వైపు ఇటుకల పండుగ జరుగుతుంది. విత్తనాల పండుగ అది. మగాళ్ళు విల్లంబులూ బరిసెలూ పట్టుకుని అడవికి వేటకెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఊళ్ళో ఆడవాళ్ళు పేడనీళ్ళు పోసి ఆటపట్టిస్తారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి బళ్ళు ఆపి డబ్బులడగటం మీలో వీకెండ్ ట్రిప్పుకెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. వెనక్కొచ్చాక మన క్యూబికల్స్‌లో వినబడే మాట ఒకటే: "ఈ ట్రైబల్సే బాస్, అడవిలో జంతువుల్ని మిగల్చట్లేదు." బొంగులో చికెన్ లాగించిన నోటితోనే!

సరే, ఎమోషన్ పక్కన పెట్టి చట్టమే చూద్దాం. స్పెసిఫికేషన్ చదవకుండా బగ్ ఎవరిదో చెప్పకూడదు కదా.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పులిలాంటివాటి వేటని నిషేధించింది. కొన్ని ఇతర జంతువుల్ని మాత్రం లైసెన్సు ఉంటే కొట్టచ్చంది. లైసెన్సంటే దరఖాస్తు, ఫీజు, ఆఫీసు చుట్టూ తిరగడం. ఇవన్నీ ఎవరి వల్లవుతాయో వేరే చెప్పాలా? 1991 సవరణతో ఆ దారీ మూసేశారు. మంచిదే.

మరి అప్పటికే గోడలకి తగిలించిన పులి తలల సంగతేంటి? ముప్ఫై రోజుల్లో ప్రకటించి, యాజమాన్య సర్టిఫికెట్టు తెచ్చుకోమన్నారు. ప్రకటించనివాళ్ళు మిగిలిపోయారని 2003లో ఇంకో 180 రోజులిచ్చారు. అంటే ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా వచ్చినవాడికి కూడా తలుపు తీశారన్నమాట. 2022 సవరణలో, వద్దనుకుంటే స్వచ్ఛందంగా అప్పగించచ్చన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ పులి తల వారసత్వంగా కొడుక్కీ మనవడికీ వెళ్ళచ్చు.

ఇప్పుడు కొండమీదికి రండి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసులకి తరతరాలుగా అడవిమీద ఉన్న హక్కుల్ని గుర్తించింది, ఒక్క వేటాడే హక్కుని మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించింది. తాత చంపిన పులి మనవడికి ఆస్తి. తాత ఆడిన వేట మనవడికి నేరం. మన భాషలో చెప్పాలంటే పాత ప్రీమియం యూజర్లకి యాక్సెస్ ఉంచి, సర్వర్ ఎవడి ఇంట్లో ఉందో వాడి లాగిన్ డిలీట్ చేశారు.

"అయితే వేటాడనివ్వాలా?" అంటారేమో. నేనలా అనట్లేదు. అడవిలో జంతువులు తగ్గిపోయిన మాట నిజం. వేటలో నాటు తుపాకీ కూడా తిరుగుతున్నప్పుడు దాన్ని సంప్రదాయం అని వెనకేసుకు రాలేం. మాంసం అమ్మకానికి వేటాడేవాణ్ణి లోపలెయ్యాల్సిందే, వాడు ఏ తెగవాడైనా సరే.

నా వాదన వేరే. మినహాయింపనేదే కుదరదని మాత్రం చెప్పకండి. ఇదే 1972 చట్టంలో 65వ సెక్షను నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకున్న వేట హక్కుల జోలికి పోనని చెబుతుంది. ఆ తీరం మీద చేయగలిగిన ఆలోచన ఈ కొండమీద ఎందుకు చేయలేదు? ఏ జంతువు, ఎన్ని, ఏ రోజు, ఏ ఆయుధంతో అని గ్రామసభతో కూర్చుని మాట్లాడచ్చు. ఉత్తుత్తి వేటతో సరిపెట్టుకుందామని వాళ్ళే అనచ్చు. అడిగితే కదా తెలిసేది!

రెండోది, గోడల మీద పులుల్ని వారసత్వంగా ఇవ్వడం ఆపాలి. సర్టిఫికెట్టున్న మనిషి పోగానే అవి మ్యూజియాలకీ కాలేజీలకీ చేరాలి. టాక్సిడెర్మీ మీద నాకు కోపమేమీ లేదు. ముంబై సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో 2009లో మొదలైన కేంద్రంలో, వాటంతటవే చచ్చిపోయిన జంతువుల్ని పిల్లలు చూసి నేర్చుకోవడానికి ఇలాగే నిలబెడుతున్నారు. ఆ విద్యకి అదీ గౌరవం.

అరకు వెళ్తే గిరిజన మ్యూజియం చూడకుండా రాం కదా. ఆదివాసుల నిలువెత్తు బొమ్మలు, వేట సామాను, పక్కన నిలబడి మన ఫోటోలు. నాకు అదీ ఒకరకం టాక్సిడెర్మీలాగే అనిపిస్తుంది. మనిషి ఆకారం ఉంచి లోపల కాగితాలు కూరడం. బొమ్మ చేతిలో విల్లుంటే సంస్కృతి అని టికెట్టు కొంటాం. అదే విల్లు బతికున్న మనిషి చేతిలో ఉంటే నేరం అంటాం.

కాబట్టి ఈసారి అడవిని ఎవరు ఖాళీ చేశారనే చర్చ వస్తే, ముందు ఆ 43 వేల లెక్క తేల్చి, కుందేలు దగ్గరికి తర్వాత రండి.