సన్మాన సభలో పాటకు చోటెక్కడ?

అవార్డు వచ్చిన పాటను గురించి నోరెత్తరాదని యెవరు శాసించారు? యీ ప్రశ్న నేను వూరికే వేయడం లేదు. పోయిన చలికాలం నల్లగొండ ప్రాంతంలోని వొక చిన్న పట్టణంలో, గ్రంథాలయ భవనంలో సభ జరిగింది. నలుగురు గేయరచయితలు వచ్చి, తమకు బహుమతులు తెచ్చిన పాటలను తామే వినిపిస్తారన్నారు. వెళ్ళాను. ఆరు గంటలకు మొదలైన సభలో యేడున్నరదాకా పాట లేదు. వున్నవల్లా శాలువాలు, దండలు, బిరుదుల పట్టికలు. ఆ తరువాత "సమయాభావంచేత" వొక్కొక్కరికి పల్లవీ, వొక చరణమూ దక్కాయి.

వాటిలో వొక పాట పల్లెను గురించినది. అందులో నాట్లు వేశారు, కలుపు తీశారు, బతుకమ్మ ఆడారు, కోతలు కోశారు. మాటల పొందిక అందంగానే వుంది, కాదనను. కాని అంత పనిలోనూ కూలి మాట మాత్రం రాలేదు. యెందుకు రాలేదని లేచి అడిగాను. కవి జవాబు చెప్పబోయాడు. అధ్యక్షులవారు మైకు తమవైపు తిప్పుకుని, "అవార్డు పొందిన పాట మీద చర్చేమిటండీ? విని ఆనందించండి" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

నా తగాదా ఆ కవితో కాదు, యీ మాటతో. అసలు అవార్డు అంటే యేమిటి? వొక యేడాది తమ ముందుకు వచ్చినవాటిలో కొందరు పెద్దలు మంచిదనుకున్నది. అంతే. జాతీయ చలనచిత్ర పురస్కారమైతే అది సినిమాపాటే కావాలి. ఆ సినిమాను పోటీకి పంపాలి. పొలంగట్టున పుట్టి పొలంగట్టునే వుండిపోయిన పాట ఆ గడప తొక్కలేదు. సుద్దాల హనుమంతు సంగతి చూడండి. తెలంగాణా సాయుధ పోరాట కాలంలో ఆయన గొల్లసుద్దులను, బుర్రకథను, జనం నోట నానిన బాణీలను తీసుకుని పాటలు కట్టారు. పశువులు కాసే పిల్లవాడి మీద ఆయన కట్టిన పాటను 1979 నాటి "మా భూమి" చిత్రం తెరమీదికి తెచ్చింది. ఆయన కుమారుడు అశోక్ తేజకు 2003 నాటి "ఠాగూర్" చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. సంతోషమే. ఆ పాట యెత్తుగడ శ్రీశ్రీ "మహాప్రస్థానం"లోనిది. శ్రీశ్రీకీ అదే పురస్కారం వచ్చింది - 1974 నాటి "అల్లూరి సీతారామరాజు" పాటకు. అప్పటికి "మహాప్రస్థానం" అచ్చయి 24 యేళ్ళు! పురస్కార పత్రం మీద వొక్క పేరే పడుతుంది. పాట వెనక తండ్రులుంటారు, గురువులుంటారు, పేరు తెలియని పాటగాళ్ళుంటారు. ఆ రుణం చెప్పుకోవడానికి స్థానిక సభను మించిన చోటు యేది? అక్కడా బిరుదులే చదివితే యెట్లా?

"మట్టి భాషకు గౌరవం తెచ్చింది అవార్డులే గదా" అని కొందరు మిత్రులంటారు. నేను తలకిందులుగా చెబుతాను: జనం గౌరవించిన తరువాతనే అధికారం గౌరవించింది. బడి చదువు లేని అందెశ్రీ పాట 2024లో తెలంగాణా రాష్ట్రగీతమయింది. అంతకు ముందు యేళ్ళ తరబడి అది ఉద్యమ సభల్లో మోగింది. ప్రభుత్వం దాన్ని చేపట్టినప్పుడు సంగీతం యెవరు కూర్చాలని పెద్ద వాదమే జరిగింది. ఆంధ్ర ప్రాంతపు కీరవాణికి యెందుకు అప్పగించారని తెలంగాణా సంగీతకారులు నిలదీశారు. ఆ వాదం న్యాయమా అన్యాయమా అన్నది వేరే విషయం. దానివల్ల పాట అరిగిందా, తరిగిందా? 2025 నవంబరులో అందెశ్రీ కన్నుమూసిన నాడు కూడా జనం ఆ పాటనే తలుచుకున్నారు. విమర్శకు తట్టుకోలేని పాటను అవార్డు మాత్రం యెన్నాళ్ళు మోస్తుంది?

ఇక గద్దర్ మాట. 1995 నాటి "ఒరేయ్ రిక్షా" పాటకు నంది అవార్డు ఇస్తే ఆయన వద్దన్నారు. 2025లో ప్రభుత్వం సినిమా అవార్డులను ఆయన పేరిటనే ఇచ్చింది. నవ్వాలో యేడవాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

నేను అవార్డులను తగలబెట్టమనడం లేదు. శాలువాకు అయిదు నిమిషాలు చాలునంటున్నాను. మిగిలిన కాలం కవికి ఇవ్వండి. బాణీ ముందు వచ్చిందా, మాట ముందు వచ్చిందా? నిర్మాత యే చరణం తీసేయమన్నాడు? ఆ మాట యే ముసలమ్మ నోట విన్నాడు? ఇవన్నీ చెప్పనివ్వండి. మమ్మల్ని అడగనివ్వండి.

సభ ముగిసి పెద్దలు కార్లెక్కిన తరువాత వొక ముచ్చట జరిగింది. నలుగురిలో పెద్దవాడైన కవి బస్సు వేళదాకా అక్కడే కూర్చున్నాడు. నేను అడగగా, మైకు లేకుండా, బల్ల మీద తాళం వేస్తూ, యే బహుమతీ రాని తన పాత పాట వొకటి మొదటినుంచి చివరిదాకా పాడాడు. అందులో కూలి వుంది. కుర్చీలు మడుస్తున్న వొకావిడ చేతిపని ఆపి విన్నది.

"మా ఊర్ల ఈ పాట పాడుతం సారూ. కూలి అనం, కైకిలి అంటం. అట్లయితెనే దరువుల కూసుంటది" అన్నది.

ఆయన ఆ మాట పెట్టి మళ్ళీ పాడి చూశాడు. తరువాత సన్మానపత్రం తిరగేసి, దాని వెనక ఆ మాట రాసుకుని, "ఇంక యాడన్న మార్చిన్రా అమ్మా?" అని అడిగాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.