శిక్షణ విమానముల వార్ధకము

ఆదోని జిన్నింగు మిల్లుల యజమానులకు పాత యంత్రముల సంగతి మేము చెప్ప నవసరము లేదు. ముదిసిన యింజనునకు నూనె పోసి, బోల్టులు బిగించి, మరి రెండు పత్తి సీజనులు గడుపుకొనుట వారెరుగని విద్య కాదు. అది యాగిన నాడు పోవునది కొన్ని గంటల పని మాత్రమే. ఎమ్మిగనూరు మగ్గముపై పోగు తెగినచో నేతగాడు ముడివేసికొని మరల నాడెను విసరును. ఆకాశమున నిట్టి వెసులుబాటు లేదు. అచట నాగిన యంత్రము నేలకే వచ్చును; అది యెవరి చేనో, యెవరి యిల్లో యను విచారణ దానికి లేదు.

2010 మార్చి 3వ తేదీన హైదరాబాదు బేగంపేటలో విమాన ప్రదర్శన మారంభమైన దినముననే, నౌకాదళపు సాగర్ పవన్ జట్టులోని కిరణ్ విమానమొకటి బోయినపల్లిలో ఇండ్ల నడుమ కూలెను. అందున్న ఇరువురు అధికారులును మరణించిరి; క్రింద నున్నవారిలో కొందరు గాయపడిరి. వేడుక చూడవచ్చిన జనుల కన్నులయెదుట నిట్లు జరిగినది.

కిరణ్ విమానము మన దేశీయుల బుద్ధిబలమునకు నిదర్శనము. డాక్టరు ఘాట్గే గారి నాయకత్వమున బెంగుళూరి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థయందు రూపొంది, 1964లో తొలిసారి యెగిరినది. మన యువ వైమానికులు తరతరములుగా దానిపై నక్షరాభ్యాసము చేసిరి. దానిని నిందింప మాకు మనసొప్పదు. దానికి సకాలమున విశ్రాంతి నీయనివారినే ప్రశ్నింపవలసియున్నది. దాని స్థానమునకై నిర్మించిన సితార 2003లోనే యెగిరినను, గిరగిర తిరుగుచు పడు స్థితినుండి తేరుకొను విషయమున చిక్కులు తీరక యేండ్లు గడచెను. ఈలోగా తొలి పాఠమునకు వినియోగించు దీపక్ విమానములు గాలిలో యింజనులాగి కూలుచుండగా, 2009 జూలై 31న ఇరువురు శిక్షకులు మరణించిన పిమ్మట వానిని నిలిపివేసిరి. అప్పటికి ఆ జాతి విమానముల ప్రమాదములలో పందొమ్మండుగురు వైమానికులు పోయియుండిరి. దీపక్ మోయవలసిన బరువుకూడ ముసలి కిరణ్ మీదనే పడినది! స్విట్జర్లాండునుండి పిలాటస్ విమానములు వచ్చి, 2013లో శిక్షణ కక్కరకు వచ్చువరకు నిదే గతి. 2017లో కీసర యొద్ద, 2023 జూన్‌లో చామరాజనగరము యొద్ద కిరణ్‌లు కూలగా అందున్నవారు పారాచూటులతో దిగి బ్రదికిరి.

క్రొత్తవి కూలవా యని యడుగువా రుండవచ్చును. కూలును. 2023 డిసెంబరు 4న మెదకు జిల్లా తూప్రాను చెంత రావెల్లి పొలములలో కూలి, శిక్షకుని, శిష్యుని బలిగొన్నది పిలాటస్సే. వయస్సొక్కటియే కారణమని మేము వాదింపము. అయితే శిక్షణ విమానపు బ్రతుకు తక్కిన విమానముల బ్రతుకువంటిది కాదు. నేర్చుకొను చేతులు దానిని దినమునకు పలుమారులు నేలకు దించును, కొన్నిమారులు దబ్బున దించును. పల్టీలు, గిరికీలు దాని నిత్యకృత్యములు. ప్రతి కుదుపును రెక్కల మూలదూలము లెక్క వ్రాసికొనుచునే యుండును. పైకి రంగు మాత్రము నిగనిగలాడును.

అమెరికాలో సైన్యము విడిచిన మెంటర్ అను పాత శిక్షణ విమానములను కొందరు కొని, రుసుము తీసికొని, వినోదార్థము మిథ్యాయుద్ధములకు వినియోగించిరి. 1999లో జార్జియాలో నొకదాని రెక్క గాలిలోనే యూడినది. 2003లోను, 2004లోను టెక్సాసునందు మరల నదే జరిగినది. లోహము అలసి లోలోపల బీటలువారుటయే మూలము. 2015 ఆగస్టు 22న ఇంగ్లండునందలి షోరహాములో నైతే హంటర్ అను పాత జెట్టు శిక్షణ విమానము, పల్టీ కొట్టుటకు చాలిన యెత్తు నందుకొనకయే క్రిందికి మరలి, రహదారిపై పడి పదునొకండుగురిని చంపెను. అది ముఖ్యముగా నడిపినవాని పొరపాటు. కాని విచారణలో ఆ విమానపు ఆసనములను పైకెగురగొట్టు మందుగుండు గడువు దాటినదనియు వెల్లడియైనది. చనిపోయినవారిలో నొక్కడును విమానములో లేడు, నడిపినవాడు బ్రదికెను. వేడుకకు టిక్కెట్టు కొననివారును దాని మూల్యము చెల్లించిరి.

స్వదేశి యను పేరు మాకు ప్రియమైనదే. ఆ పేరు ఆలస్యమునకు తెరగా నుండరాదు. 2023 మార్చిలో హిందుస్థాన్ సంస్థకు హెచ్.టి.టి.-40 విమానములు 70 నిర్మింప నుత్తరువిచ్చిరి; అది మంచిపని. వానిని గడువుననుసరించి యందించుచున్నారా లేదా యని మన పార్లమెంటు సభ్యులు ప్రతి సమావేశమునను అడుగవలెను. దుండిగల్ అకాడమీకి బిడ్డను పంపిన తల్లిదండ్రులకు, వాడెక్కు విమానము వయస్సెంత, ఎన్ని గంటలెగిరినది, రెక్కల దూలము నెన్నడు పరీక్షించిరి యని తెలిసికొను హక్కుండవలదా? ట్రాక్టరును సెకండుహ్యాండున కొనునపుడు మన రైతు ఇంతకు రెట్టింపు ప్రశ్నలడుగును.

మన జిల్లాకును ఓర్వకల్లు విమానాశ్రయము 2021లో వచ్చినది. రేపో మాపో అచట వైమానిక ప్రదర్శనము జరుపుదమను ఉత్సాహము పుట్టవచ్చును. పిల్లలు చూచి సంతసింతురు, మేమును పోయి చూతుము. అట్టి నాడు పాత విమానములు వరుసగా నెగురుటతో తృప్తిపడి, పల్టీలను ఊళ్లకును, రహదారికిని దూరముగా నుంచి, గరువు నేలలమీదనే సాగింపవలెనని కలెక్టరు గారు అనుమతి పత్రముననే వ్రాయించునట్లు జిల్లా ప్రముఖులు ముందుగనే కోరవలెను.