3500 రేటింగ్ నాకెందుకు?

హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే మొదలయ్యే గొడవ ఒకటుంది. స్టాక్‌ఫిష్ గొప్పదా, లీలా గొప్పదా? నేనూ చాలాసార్లు గొంతు చించుకున్నాను.

2017 డిసెంబరులో డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాజీరో, స్టాక్‌ఫిష్ 8తో 100 గేములు ఆడిన ఫలితాలు బయటికొచ్చాయి. 28 గెలుపులు, 72 డ్రాలు, ఓటమి సున్నా. స్టాక్‌ఫిష్ సెకనుకి 7 కోట్ల పొజిషన్లు చూస్తుంటే ఇది చూసింది 80 వేలే! (స్టాక్‌ఫిష్‌కి ఇచ్చిన టైమ్, మెమరీ సరిగ్గా లేవని గోల కూడా అయిందనుకోండి.) ఆ ఐడియాతోనే 2018లో వాలంటీర్లు లీలాని తయారుచేశారు. స్టాక్‌ఫిష్ ఊరుకుంటుందా? షోగీ అనే జపాన్ చదరంగం కోసం యూ నాసు రాసిన ఎన్‌ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ని 2020లో తనలో కలిపేసుకుంది. దానికి జీపీయూ అక్కర్లేదు, డబ్బులూ అక్కర్లేదు. బలం లెక్కలో నా ఓటు దానికే.

కానీ ఇప్పుడు టాప్ ఇంజిన్లు మామూలుగా ఆడితే దాదాపు అన్నీ డ్రాలే. అందుకే ఇంజిన్ల టోర్నమెంట్లలో కావాలని ఒకవైపు మొగ్గిన ఓపెనింగ్ ఇచ్చి, రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తారు. తేడా కనిపించడానికే అంత తంటా. మరి 1200 దగ్గర కొట్టుకుంటున్న నాకు ఆ తేడాతో పనేంటి?

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాతయ్య నన్ను ఓడించారు. నాకు చెస్ నేర్పింది ఆయనే. ఉక్రోషంతో ఆ గేమ్ మొత్తం స్టాక్‌ఫిష్‌లో పెట్టి చూపించాను. "తాతయ్యా, నీ పద్నాలుగో ఎత్తు బ్లండర్. నేను గెలవాల్సిన గేమ్ ఇది."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఫోన్‌లోకి చూశారు. "ఎందుకురా తప్పు?"

స్క్రీన్ మీద మైనస్ 3.2 అని ఉంది. కింద పన్నెండు ఎత్తుల లైను. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"సరేలే, దాంతోనే ఆడుకో" అని పావులు డబ్బాలో వేసేశారు. ఆ సెలవుల్లో మళ్లీ బోర్డు తీయలేదు.

ఈమధ్య మాయా అనే ఇంజిన్ పట్టుకున్నాను. లీచెస్‌లో మనుషులు ఆడిన గేములతో దానికి ట్రైనింగ్ ఇచ్చారు. 1100 నుంచి 1900 దాకా లెవెల్స్ ఉన్నాయి. అది బెస్ట్ ఎత్తు వెతకదు, ఆ రేటింగ్ ఉన్న మనిషి ఏం ఆడతాడో ఊహిస్తుంది. నాలాగే గుర్రాన్ని ఊరికే పోగొట్టుకుంటుంది కూడా. స్టాక్‌ఫిష్ చేతిలో చిత్తుగా ఓడిపోతుంది, అయినా మన క్లబ్బులో ప్రాక్టీసుకి ఇదే పెట్టాలంటాను. స్టాక్‌ఫిష్ తెరిచేముందు ఎక్కడ తప్పు చేశామో, ఎందుకో మనమే రెండు లైన్లు రాసుకోవాలి.

వేసవి సెలవుల్లో బోర్డు నేనే తీస్తాను. ఆ పద్నాలుగో ఎత్తు ఏం ఆలోచించి వేశారో తాతయ్యని అడగాలి.