చెట్టుకు మొక్కితే చెట్టు తెలుస్తుందా?

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణన నాడు దాదాపు 74 వేల మంది తమ మతం ‘పాగన్’ అని రాయించుకున్నారు. వీరిలో చాలామందికి ప్రమాణ గ్రంథమంటూ లేదు, కట్టిన గుడి లేదు. ఎవరికి వారు ఓ ఓక్ చెట్టు కిందో, కొండ మీదో ఏకాంతంగా నిలబడి, అక్కడి ఆత్మలతో అనుబంధం కుదిరిందంటారు. హుండీ లేదు, మతం మార్చుకోమనే ఒత్తిడి లేదు. మరి హేతువాదికి దీనితో ఏం పని? పని ఉంది. ‘నాకు అనుభవమైంది కాబట్టి అది నిజం’ అనే వాదం ఇక్కడ ఏ ముసుగూ లేకుండా కనిపిస్తుంది. బాబాల భక్తులూ చివరికి చెప్పేది ఇదే.

మొదట్లో ఈ విశ్వాసానికి ఆధారం అనుభవం కాదు, ప్రాచీనత. మంత్రగత్తెలని శిక్ష పడినవారు క్రైస్తవానికి ముందటి మతాన్ని చాటుగా కాపాడుకున్నవారేనని మార్గరెట్ ముర్రే 1921లో వాదించింది. ఆ మతం ఇంకా బతికే ఉందని జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో పుస్తకం వేశాడు. విచారణల రికార్డులు పరిశీలించిన చరిత్రకారులు ముర్రే వాదాన్ని తోసిపుచ్చారు. గార్డ్‌నర్ ప్రచారం చేసిన ఆ మతం, అంటే విక్కా, 20వ శతాబ్దంలో రూపుకట్టినదేనని చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ 1999లో వివరంగా చూపించాడు. స్టోన్‌హెంజ్ డ్రూయిడ్లనే ప్రాచీన పూజారుల కట్టడమన్న నమ్మకమూ నిలవదు: వారి గురించి రాతలు మొదలయ్యేనాటికే అక్కడి నిలువురాళ్లకు రెండు వేల ఏళ్లు దాటాయి. నేటి పాగన్లలో చాలామంది ఇదంతా ఒప్పుకుంటారు. ఆ నిజాయితీ మెచ్చదగ్గదే. పాతది కాకపోతేనేం, అడవిలో నాకు కలిగిన అనుభూతి అబద్ధం కాదుగా అంటారు.

అనుభూతి అబద్ధం కాదు. దానికి వాళ్లు చెప్పుకునే కారణమే రుజువు కాలేదు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల రికార్డులను పోల్చి రోజర్ అల్రిచ్ 1984లో ఒక అధ్యయనం ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారికన్నా త్వరగా ఇల్లు చేరారు. ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది సమాధానాలతో 2019లో వచ్చిన మరో అధ్యయనంలో, వారానికి రెండు గంటలైనా ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. మొదటిది చిన్న అధ్యయనం. రెండోది సంబంధాన్ని చూపుతుందే తప్ప కారణాన్ని తేల్చదు. అయినా రెండింటిలోనూ ఫలితం రావడానికి పూజ అక్కర్లేకపోయింది. చెట్టు నీడన మనసు కుదుటపడటానికి చెట్టులో దేవత ఉండాలన్న అవసరం కనబడదు.

ఆ దేవత చెబుతుందనే జ్ఞానాన్నైనా పరీక్షించి చూడవచ్చు. నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ ఎత్తునేలలను మనిషి చెయ్యి పడని ఆదిమ ప్రకృతి అనుకోవడం పరిపాటి. అక్కడి పీట్ నేలలో పొరలుగా నిలిచిన పుప్పొడి వేరే కథ చెబుతుంది: ఒకప్పుడు చాలా భాగం అడవి, రాతియుగం నుంచి కంచుయుగం దాకా మనుషులు కాల్చి, నరికి, పశువులను మేపి దాన్ని బోడి చేశారు. కంచుయుగపు పొలం గట్లు నేటికీ ఉన్నాయి. ధ్యానంలో వినిపించే ‘అడవి గొంతు’ భక్తుడు ముందే నమ్మినదాన్నే తిరిగి చెబుతుంది. పుప్పొడికి మన ఇష్టాయిష్టాలతో పని లేదు. ఎదుటివాడు మనల్ని కాదనగలిగినప్పుడే అది సంభాషణ, లేకుంటే స్వగతం.

పవిత్రమనుకుంటేనే కదా జనం అడవిని కాపాడేది అన్నది బలమైన అభ్యంతరమే. కర్ణాటకలోని కొడగులో దేవరకాడులనే పవిత్ర వనాలను భక్తి చాలాకాలం కాపాడింది. అయినా 1905–1985 మధ్య వాటి విస్తీర్ణం సగానికి పైగా తగ్గింది. దేవుళ్లు వెళ్లిపోలేదు, ఉత్సవాలు ఆగలేదు. నరకకూడదన్న కట్టుబాటు సడలింది, అంతే. అడవిని నిలిపింది ఆ కట్టుబాటే. దాన్ని నిలబెట్టడానికి దైవభయం ఒక్కటే దారి కాదు. డార్ట్‌మూర్‌లోనే విస్ట్‌మన్స్ వుడ్ అనే పొట్టి ఓక్ వనం గురించి దెయ్యపు వేటకుక్కల కథలున్నాయి. అయినా చూడవచ్చేవారి తొక్కిడికి రాళ్ల మీది నాచు దెబ్బతింటోంది. వాళ్లంతా పాగన్లేమీ కాదు. లోపలికి రావద్దని అధికారులు కోరుతున్నారు. మేత తగ్గించి, మొలకలను ఎదగనిచ్చి 2040 నాటికి వనాన్ని రెట్టింపు చేయాలన్నది అక్కడి ప్రణాళిక. మొలకను ఏ జంతువు కొరుకుతోందో గమనిస్తేనే అలాంటి ప్రణాళిక పుడుతుంది. అడవిని ప్రేమించేవారు తమ అనుభూతిని వదులుకోనక్కర్లేదు. దాన్నే సాక్ష్యంగా చూపడం మానుకుంటే చాలు.